పెళ్ళిరోజు విందుకు స్ట్రింగ్ క్వార్టెట్: సైనిక్‌పురిలో ఒక సాయంత్రం

మా అక్కయ్య, బావగార్ల పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా సైనిక్‌పురిలోని వారి ఇంట్లో యాభై మందికి విందు ఏర్పాటు చేస్తూ, సినిమా పాటల ఆర్కెస్ట్రా వద్దనుకుని, రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వయోలా, కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే ఒక చెలో ఉండే స్ట్రింగ్ క్వార్టెట్‌ను కుదుర్చుకున్నాము. హైదరాబాద్‌లో ఇలాంటి బృందాలకు పిలుపులు ఎక్కువగా హోటళ్ళలో జరిగే రిసెప్షన్ల నుంచి వస్తాయి కనుక, ఇంటికి వచ్చి, అందులోనూ మధ్యధరా తీరపు సంగీతం, లాటిన్ అమెరికా సంగీతం తప్ప మరేమీ వాయించవద్దంటే ఒప్పుకుంటారో లేదోనని సందేహించాము. వీరు వెంటనే ఒప్పుకున్నారు. ఫిర్యాదులు కూడా చెప్పవలసి ఉన్నందున బృందం పేరు ఇక్కడ రాయడం లేదు.

గంటన్నర కచేరీకి నలుగురికీ కలిపి 60,000 రూపాయలు, సౌండ్ సిస్టమ్‌కు 12,000, చెన్నై నుంచి వచ్చే చెలో కళాకారుడి రైలు ఛార్జీలు విడిగా. సగం సొమ్ము ముందే పంపాలి. మొదటి వయొలిన్ వాయించే ఆవిడే ఫోనులో అన్నీ మాట్లాడారు. ఏమేమి వాయించబోతున్నారో వారం ముందే జాబితా పంపారు. చేతులు లేని కుర్చీలు నాలుగు కావాలని, ఏసీ గాలి నేరుగా తీగల మీద పడితే శ్రుతి జారుతుందని, పది అడుగుల చదరపు స్థలమైనా వదలాలని ముందుగానే చెప్పిన ఆ శ్రద్ధ నాకు నచ్చింది. అయితే ఇంత చెప్పినవారు నేల గురించి అడగలేదు. చెలో అడుగున ఒక ఇనుప ముల్లు ఉంటుంది, వాద్యం బరువంతా దాని మీదే ఆనుతుంది. మా అక్కయ్యగారి హాలులో అద్దంలా మెరిసే గ్రానైట్ పరచి ఉంది. ఆయన కమాను తీగ మీద పెట్టి ఒక్కసారి లాగేసరికి చెలో ముందుకు జారి ఎదుటి స్టాండును తాకింది. అక్కయ్య వంటింటి గుమ్మం దగ్గర ఉన్న కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ తెచ్చి వేస్తే తప్ప ఆ ముల్లు నిలబడలేదు. ట్రాఫిక్ వల్ల నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చినవారికి దీనితో మరో పది నిమిషాలు పోయాయి.

ఇక అసలు ఫిర్యాదు మైకుల గురించి. నాలుగు వాద్యాలకూ చిన్న క్లిప్ మైకులు తగిలించి, హాలుకు రెండు వైపులా మనిషి ఎత్తు స్పీకర్లు నిలబెట్టారు. సౌండ్ చూసే అబ్బాయి డీజే పనికి అలవాటు పడినవాడని వింటూనే తెలిసిపోయింది. చెలో మీటు గుండెల మీద డప్పులా పడుతుంటే, వయోలా ఉన్నదో లేదో తెలియలేదు, అన్నిటి మీదా ఒక కృత్రిమమైన ప్రతిధ్వని. స్పానిష్ స్వరకర్త హొవాకిన్ టురీనా 1925లో రాసిన ‘లా ఒరాసియోన్ దెల్ టొరేరో’, అంటే ఎద్దుల పోరు వీరుడి ప్రార్థన, ఈ హోరులోనే మొదలైంది. అది మొదట అగిలార్ తోబుట్టువులు నలుగురు వాయించే లాఊద్ అనే మీటు వాద్యాల కోసం పుట్టి, తరువాత స్వరకర్త చేతనే క్వార్టెట్ రూపం ధరించిన రచన. మాడ్రిడ్ పోరుగోదాలో, బయట జనం కేకలు వేస్తుండగా, లోపల చిన్న ప్రార్థనా మందిరంలో మృత్యువును ఎదుర్కోబోతున్న మనిషి మోకరిల్లడమే దాని ఇతివృత్తం. ఆ లోపలి నిశ్శబ్దానికీ బయటి కోలాహలానికీ మధ్య ఉన్న దూరమే ఆ సంగీతానికి ప్రాణం. స్పీకర్లలో ఆ రెండూ ఒకే మట్టంలో వినిపించాయి.

తరువాతది ఇటాలియన్ స్వరకర్త పుచ్చీని 1890లో ఒక్క రాత్రిలో రాసినట్టు చెప్పుకున్న ‘క్రిసాంతేమి’, అంటే చామంతులు. ఇటలీలో చామంతి సమాధుల మీద ఉంచే పువ్వు. ఈ రచన కూడా ఆవోస్తా ప్రభువు మరణానికి రాసిన శోకగీతమే. మా గుమ్మానికి పసుపు చామంతి దండలు వేలాడుతుండగా, పెళ్ళిరోజు పండుగలో, అది వాయిస్తుంటే వచ్చినవారు మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని చిరునవ్వుతో విన్నారు. జాబితా చూసినప్పుడే నేను ప్రశ్నించవలసింది. సందర్భం తెలిసి కూడా దానిని ఎంచుకున్నందుకు బృందానికి సగం తప్పు, మాకు సగం.

ఆ రచన ముగియగానే బావగారు లేచారు. ఆయన చిన్నతనంలో విజయనగరం సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ చోట, నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నారు. “అమ్మా, ఆ మైకులు తీసేసి వాయించగలరా? మేమే కుర్చీలు దగ్గరికి జరుపుకుంటాము” అన్నారు. “మాకూ అదే ఇష్టమండీ. తరువాత వెనకవాళ్ళకు వినపడలేదని అంటారని పెట్టిస్తాము” అని మొదటి వయొలిన్ ఆవిడ నవ్వారు. స్పీకర్లు ఆగిపోయాయి. యాభై మంది కుర్చీలు లాక్కుని నాలుగు అడుగుల దూరంలో అర్ధచంద్రాకారంగా కూర్చున్నారు.

ఆ తరువాత మేము విన్నది వేరే బృందమా అనిపించింది. రావెల్ ఇలాంటి నలుగురి కోసమే రాసి 1903లో పూర్తి చేసిన క్వార్టెట్ రచనలోని రెండవ భాగం వాయించారు. రావెల్ ఫ్రెంచి స్వరకర్తే అయినా తల్లి బాస్క్ స్త్రీ, మాడ్రిడ్‌లో పెరిగిన మనిషి. స్పెయిన్ గాలి ఆయన సంగీతంలో చాలాచోట్ల వీస్తుంది. ఈ భాగం మొదలవుతూనే నలుగురూ కమానులను పక్కకు తిప్పి పట్టుకుని వేళ్ళతో తీగలు మీటుతారు. ఉన్నవి ఆరు మాత్రలే, కానీ ఒకరు వాటిని మూడేసిగా రెండు ముక్కలు చేస్తే మరొకరు రెండేసిగా మూడు ముక్కలు చేస్తారు. ఆ లెక్క ఎవరి వైపు నుంచి ఎవరికి చేతులు మారుతున్నదో దగ్గర కూర్చున్నవారికి కంటితోనే తెలిసింది. మీటిన తీగ మీది నుంచి లేచే పొడి శబ్దం, వేలి చర్మం తీగను ఒరుసుకునే చప్పుడు, తల ఊపుకు ముందు తీసుకునే ఊపిరి, ఇవన్నీ మైకు మింగేసినవే.

మధ్యధరా వైపు నుంచి చివరగా ఒక గ్రీకు కలమతియానోస్ నృత్యం వాయించారు. దాని నడక ఏడు మాత్రలు, మూడు, రెండు, రెండుగా విరుగుతుంది. తకిట తక తక అనుకుంటే అది మన మిశ్రచాపు తాళమే! బావగారు మోకాలి మీద తాళం వేస్తూ రెండవ ఆవర్తనానికే అందుకున్నారు. టురీనా గురించి కూడా ఆయన ఒక మాట అన్నారు: ఆ దక్షిణ స్పెయిన్ పలుకులో శుద్ధ రిషభం షడ్జమం మీదికి వాలే తీరు వింటే హనుమతోడి రాగపు అవరోహణ గుర్తుకు వస్తుందని, గాంధారం పైకి జరిగినప్పుడు వకుళాభరణ రాగమవుతుందని, స్వరాన్ని ఊపే గమకం లేకపోవడం వల్ల మాత్రం అది రాగం కాకుండా మెట్ల వరుసగానే ఉండిపోతుందని. చివరి మాటతో నేను ఏకీభవించను. అక్కడ గమకం చేసే పనిని నాలుగు వాద్యాల కలయిక చేస్తుంది.

సాయంత్రమంతటికీ మేలైనది అర్జెంటీనా నృత్యసంగీతమైన టాంగో స్వరకర్త పియజోల్లా. 1980లలో ఆయన క్రోనోస్ క్వార్టెట్ అనే అమెరికా బృందం కోసం రాసిన ‘ఫోర్, ఫర్ టాంగో’లో డోలు లేదు, గిటారు లేదు, ఆయన స్వయంగా వాయించే బాండోనియాన్ అనే తిత్తి వాద్యం కూడా లేదు, ఆ వాద్యాల పనంతా తీగలే చేయాలి. మొదటి వయొలిన్ ఆవిడ ఒకచోట కమానును, తీగలను ఎత్తి పట్టే చెక్క బ్రిడ్జికి అవతల, మామూలుగా ఎవరూ తాకని తీగ ముక్క మీద పెట్టి గరగర గీశారు. టాంగో వాద్యకారులు దీనిని చిచార్రా అంటారు, అంటే కీచురాయి. ముందు వరుసలోని పిల్లలు వయొలిన్ పాడైపోయిందనుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెలో ఆయన ప్రతి బరువైన మాత్రకు ముందు స్వరాన్ని కింది నుంచి ఈడ్చుకుంటూ వచ్చి సరిగ్గా దెబ్బ మీద వదిలేవారు; ఆ ఈడ్పులోనే టాంగోకు నడుము ఉంది. తకిట తకిట తక అనే ఎనిమిది మాత్రల నడక ముగిసేసరికి వంటింట్లో వడ్డనకు సిద్ధమవుతున్నవారు సైతం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చివర వేసిన ‘లిబర్‌టాంగో’ అందరికీ తెలిసినదే, కాస్త పరుగెత్తించారు. రెండవ వయొలిన్ పై స్థాయిలో రెండు మూడు చోట్ల శ్రుతి తప్పింది, వయోలా బిడియంగానే మిగిలింది. అయినా జీవం ఉంది.

జాబితాతో నాకున్న పేచీ వేరు. లాటిన్ అమెరికా అంటే పియజోల్లా ఒక్కరే కాదు. స్వయంగా చెలో కళాకారుడైన బ్రెజిల్ స్వరకర్త విల్లా లోబోస్ 17 క్వార్టెట్లు రాశారు. అర్జెంటీనాలోనే హినాస్తెరా 1948 నాటి తన మొదటి క్వార్టెట్‌లో గౌచోలనే పశువుల కాపరుల మలాంబో నృత్యపు ఊపును తెచ్చారు. వీటిలో ఒక్క భాగమైనా లేకపోవడానికి కారణం అడిగితే, విందులకు ఎవరూ అడగరు కనుక సాధన చేసి పెట్టుకోలేదని నిజాయితీగానే చెప్పారు.

గంటన్నర అన్నది డెబ్భై అయిదు నిమిషాలకే ముగిసింది, రుసుము తగ్గలేదు. మధ్యలోనే ఆపేయించిన సౌండ్ సిస్టమ్ సొమ్ములో సగం మాత్రం అడగగానే వాపసు ఇచ్చారు. వచ్చే డిసెంబరులో హినాస్తెరా వాయించడానికి రెండు నెలల గడువు, మూడు రిహార్సల్స్‌కు అదనపు రుసుము కోరారు, మేము ఒప్పుకున్నాము. ఈసారి మైకులు లేవు, అతిథులు నలభై మందికి మించరు, భోజనం కచేరీ తరువాతే. నడిమధ్య చిల్లు పడిన ఆ డోర్‌మ్యాట్‌ను అక్కయ్య పారేయకుండా స్టోర్‌రూములో దాచి పెట్టింది.