పోపు లేని పప్పు, పదహారు రాత్రులు

మా తాత తెనాలి చుట్టుపక్కల నాటక సమాజాల్లో హార్మోనియం వాయించేవాడు. ఏ ఊరి పేరు ఎత్తినా స్టేజీ గురించి గానీ, జనం కొట్టిన వన్స్‌మోర్ల గురించి గానీ చెప్పేవాడు కాదు. "అక్కడ పెరుగు మహా పులుపు", "బళ్లో పడుకోబెట్టారు, కిటికీకి రెక్క లేదు" అనేవాడు. చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. 2012లో జర్మనీలో ఓ హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, హోరుగా, అరుస్తూ పాడే రాక్) బ్యాండుతో తిరిగొచ్చాక నాదీ అదే వరస అయింది.

అక్కడ ఎమ్మెస్ చదువుతుండగా బ్యాండులో చేరాను. వాళ్ల బేస్ గిటారిస్టు పెళ్లి చేసుకుని ఊరు మారాడు, నాకు నాలుగు తీగల మీద నాలుగు స్వరాలు తెలుసు. ఆ సంగీతానికి అవి చాలు, పైగా రెండు మిగులుతాయి. పాట నిమిషంన్నర, సెట్టు పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాల కోసం రోజూ ఐదారు గంటల ప్రయాణం. పదహారు రోజుల్లో పధ్నాలుగు షోలు.

వ్యాను డ్రమ్మర్ మేనమామది. ఇళ్లకు రంగులు వేసే ఆయన, అందుకని లోపలంతా టర్పెంటైన్ వాసన. ముందు ముగ్గురు, వెనక సామాన్ల మధ్య పరుపేసుకుని ఒకరు. వెనక పడుకున్న ప్రతిసారీ నా తలకు బేస్ క్యాబినెట్ ఆనేది. పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉండే ఆ పెట్టె అరవై కిలోల పైనే ఉంటుంది. బీరువా అనుకోండి. దాన్ని మెట్ల మీదుగా నేలమాళిగల్లోకి దించడమే ఈ కళలో అసలు సాధన.

హోటళ్లు లేవు, ఏజెంటూ లేడు. మా గాయని నెలల ముందు నుంచి అన్ని ఊళ్లకూ ఈమెయిళ్లు రాసింది. ఒప్పందం ఎక్కడైనా ఒకటే: రాత్రి భోజనం, పడుకోవడానికి చోటు, గేటు డబ్బులో మా వాటా. టికెట్టు ఐదు యూరోలు, జనం డెబ్భై మంది. నూట యాభై చేతికొస్తే పండగ. డీజిలు లీటరు ఒకటిన్నర యూరో. మెర్చ్ టేబుల్ (షో దగ్గర బ్యాండు సరుకులు అమ్మే బల్ల) మీద టీషర్టులు అమ్ముడుపోకపోతే మధ్యలో ఎక్కడో ఆగిపోయేవాళ్లం. అమ్మ ఫోన్లో అడిగేది, "కచేరీకి ఎంతిచ్చార్రా?" అని. చెప్పేవాణ్ణి. కాసేపు ఆగి, "పోన్లే, అన్నం పెట్టారుగా" అనేది.

మేం వాయించిన చోట్లు చాలావరకు క్లబ్బులు కావు. ఒకప్పుడు ఖాళీగా పడున్న భవనాల్లోకి కుర్రాళ్లు దూరి, కరెంటు లాగి, వంటిల్లు పెట్టి, ఏళ్ల తరబడి పోలీసులతో, మునిసిపాలిటీతో, కోర్టులతో పోరాడి నిలబెట్టుకున్నవి. స్క్వాట్లు అంటారు. మనవాళ్లకు చెప్పాలంటే సత్రాలే, దాత ఒక్కడు కాకపోవడమే తేడా.

మొదట కోపెన్‌హాగన్. జర్మనీ కొసన పుట్‌గార్డెన్‌లో వ్యానుతో సహా ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంటలో డెన్మార్క్ ఒడ్డు. ఆ టికెట్టుకే ఒక రాత్రి సంపాదన పోయింది. ఉంగ్‌డమ్స్‌హూసెట్, అంటే యువజనుల ఇల్లు, ఇప్పుడు డోర్తెయావై 61లో ఉంది. అసలు ఇల్లు ఇది కాదు. యాగ్ట్‌వై 69లో 1897లో కట్టిన కార్మికుల భవనం అది. అంతర్జాతీయ మహిళా దినోత్సవం జరపాలని జర్మన్ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ 1910లో ప్రతిపాదించిన సభ అక్కడే జరిగింది. 1982 నుంచి కుర్రాళ్ల చేతిలో ఉండేది. 2007 మార్చి 1న పోలీసులు హెలికాప్టర్లలోంచి కప్పు మీదికి దిగి ఖాళీ చేయించారు, ఆ వారం లోపే కూల్చేశారు. ఊళ్లో రోజుల తరబడి అల్లర్లు జరిగాయి. ఆపైన వారం వారం ఊరేగింపులు చేస్తే 2008లో నగరం ఈ కొత్త చోటు ఇచ్చింది. మాకు వంట చేసిన అమ్మాయి ఆ పాత ఇంటి గురించి, మా ఊళ్లో పోలవరం ముంపు గ్రామం నుంచి వచ్చినవాళ్లు పాత ఊరి గురించి మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. సౌండ్ బాగుంది. గదికి వెచ్చటి హీటరు, ఉతికిన దుప్పట్లు. టూరు మొత్తంలో ఉతికిన దుప్పటి చూసింది అక్కడే.

బెర్లిన్‌లో కోపి. కోపెనికర్ స్ట్రాసె 137, గోడ కూలిన మూణ్ణెల్లకు, 1990 ఫిబ్రవరిలో ఆక్రమించిన పాత ఇల్లు. ముందు పెద్ద వాకిలి, లోపలికెళ్తే గోడల మీద అంగుళం ఖాళీ లేని రాతలు. ఫొటో తీయబోతే ఎవరో ఒకరు వచ్చి వద్దంటారు. మర్యాదగానే అంటారు గానీ రెండోసారి అనిపించుకోకండి. షో నేలమాళిగలో. పైకప్పు తక్కువ, చెమట ఆవిరై పైకి పోయి తిరిగి మన మీదే కారుతుంది. నేను వాయించిన రాత్రుల్లో బెస్టు అదే, ఎందుకో వివరించమంటే మాత్రం నాకు రాదు.

భోజనం గురించి మాత్రం చెప్పగలను. ఈ చోట్లలో పెద్ద గుండిగతో వండి, డబ్బున్నవాళ్లు రెండు మూడు యూరోలు డబ్బాలో వేసి, లేనివాళ్లు ఊరికే తినే వంటశాల ఉంటుంది. ఫోక్స్‌క్యూషె అంటారు, జనం వంటిల్లు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అందువల్ల పధ్నాలుగు షోల్లో తొమ్మిదింటికి నాకు దొరికింది మైసూరు పప్పు! క్యారెట్లేసి, టమాటాలేసి, ఉప్పు మొహమాటంగా వేసి, పోపు అసలే పెట్టకుండా. ఐదో రాత్రి ఆగలేక బెర్లిన్ వంటింట్లోకి వెళ్లి, నూనె, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు అడిగి నేనే పోపు పెట్టాను. ఘాటుకు ముప్పై మంది దగ్గారు, ఇద్దరు వాకిట్లోకి పరిగెత్తారు, గుండిగ మాత్రం అడుగంటా ఖాళీ అయింది. ఆ రాత్రి నన్ను బేస్ వాయించినవాడిగా ఎవరూ గుర్తుపెట్టుకుని ఉండరు.

స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో మెటెల్కోవా దగ్గరికి వస్తే, మీరు పంక్ వినకపోయినా వెళ్లదగ్గ చోటు అదే. ఆస్ట్రియా-హంగరీ కాలపు సైనిక బారకాసులు. తర్వాత యుగోస్లావ్ సైన్యం వాడింది. సైన్యం పోయాక నగరపాలకులు వాటిని కూల్చబోతే 1993 సెప్టెంబరులో కళాకారులు, విద్యార్థులు ఆక్రమించారు. పగలు పిల్లల్ని తీసుకుని తిరగొచ్చు, గోడల మీద మొజాయిక్ బొమ్మలు, పాత ఇనుముతో చేసిన రాక్షసులు. ఊరికీ పంక్‌కూ పాత చుట్టరికమే, పాంక్ర్తి అనే బ్యాండు 1977లోనే ఇక్కడ మొదలెట్టింది. పక్కనే అదే సైన్యం జైలు 2003 నుంచి త్సెలిత్సా (Celica) అనే హాస్టలు. ఇరవై గదులు, ఒక్కోటీ ఒక్కో తీరుగా తీర్చిదిద్దిన ఖైదీ కొట్లు, ఊచల తలుపులు అలాగే ఉంచారు. మాకు ఇచ్చిన చోటులో మంచాలు మూడే ఉండటంతో నేను సొంత డబ్బుతో అక్కడ పడుకున్నాను. టూరులో నేను తాళం వేసుకున్న ఏకైక గది జైలు గది అన్నమాట. శుభ్రం, స్నానానికి వేణ్ణీళ్లు, పొద్దున బ్రెడ్డు. కుటుంబంతో కూడా ఉండొచ్చు, కాకపోతే శుక్రవారం, శనివారం రాత్రులు నిద్ర ఆశించకండి.

బెర్న్‌కు వెళ్లేటప్పుడు సరిహద్దులో గంటన్నర. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో, అంటే సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీ లేని దేశాల కూటమిలో, ఉన్నా ఐరోపా సమాఖ్య సుంకాల గీతకు అవతల ఉంది. ఆంప్లిఫయర్లకు, టీషర్టులకు జాబితా చూపాలి. ఎక్స్ఎల్ ఎన్ని, ఎమ్ ఎన్ని అని లెక్కపెట్టాం. హైవే స్టిక్కరు నలభై ఫ్రాంకులు, ఏడాదిది మాత్రమే అమ్ముతారు, మేం వాడింది ఒక్కరోజు. కానీ రైట్‌షూలె, రైలు వంతెన పక్కనున్న పాత గుర్రపు స్వారీ బడి, 1987 నుంచి నడుస్తోంది, ఆ విసుగంతా తీర్చేసింది. లోపలి రెస్టారెంటులో కూర్చోబెట్టి ప్లేట్లలో వడ్డించారు. అక్కడి చట్టం ప్రకారం శబ్దం 93 డెసిబెల్స్ దాటితే వచ్చినవాళ్లకు ఇయర్‌ప్లగ్స్ ఉచితంగా ఇవ్వాలి. నేను జేబు నింపుకుని వచ్చాను. అంతకుముందు మూడేళ్లు పెట్టుకోకుండా వాయించాను. ఇప్పుడు రాత్రి ఫ్యాను ఆపితే ఎడమ చెవిలో కీచురాయి మొదలవుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మేం వాయించిన ఓక్సీ బాగుంది, సౌండు మనిషికి పని తెలుసు. నెదర్లాండ్స్‌లో 2010 అక్టోబరు నుంచి స్క్వాటింగు నేరం చేశారు, ఆ బెంగ మాటల్లో వినబడింది. అంతకుమించి ఊరు చూడలేదు, పార్కింగుకు డబ్బు కట్టి పారిపోయాం.

ఓ రాత్రి గురించి మాత్రం చెప్పాలి. ఊరు చెప్పను. షో అయ్యాక పడుకునే గది తాళంచెవి ఉన్న కుర్రాడు ప్రియురాలితో ఎటో వెళ్లిపోయాడు. ఫోను ఎత్తడు. బయట నాలుగు డిగ్రీలు. వ్యానులో నలుగురం కూర్చునే నిద్రపోయాం, పొద్దున వచ్చి అంత ప్రేమగా కాఫీ కలిపిచ్చాడు, తిట్టడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి ఏ చోటుకు వెళ్లినా స్టేజీ కన్నా ముందు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగడం నా డ్యూటీ అయింది.

ఇంగ్లండు బ్రాడ్‌ఫర్డ్‌లోని 1 ఇన్ 12 క్లబ్బు నేను చూడలేదు. నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్లలో పన్నెండు మందిలో ఒకడు దొంగ అని థాచర్ కాలపు ప్రభుత్వ నివేదిక ఒకటి అంటే, ఆ మాటనే పేరుగా పెట్టుకున్నవాళ్లు. నా జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ షెంగెన్ వరకే, ఇంగ్లండుకు వేరే వీసా కావాలి. మరుసటేడు మావాళ్లు అరువు బేసిస్టుతో వెళ్లొచ్చారు. అక్కడి చిప్స్ గురించి చెప్పి ఏడిపించారు.

ఇక హైవే సేవలు. జర్మనీ ఆటోబాన్ పక్క మరుగుదొడ్లు అద్దంలా ఉంటాయి. లోపలికి వెళ్లడానికి అప్పట్లో 70 సెంట్లు, బదులుగా 50 సెంట్ల కూపన్ ఇచ్చేవారు. దాన్ని అలాంటి హైవే దుకాణాల్లోనే వాడుకోవాల్సి వచ్చేది. ఆ దుకాణంలో శాండ్‌విచ్ ధర చూస్తే కూపన్ జేబులోనే ఉండిపోయేది. పోయినేడు నా బేస్ అమ్మేశాను, కొన్న కుర్రాడు పెట్టె తెరిచి చూస్తే అడుగున పధ్నాలుగు కూపన్లు. ఏడు యూరోలు. "ఇవి కూడా నాకేనా?" అన్నాడు. తీసుకోమన్నాను.