బొర్రా నుంచి భీమిలి దాకా, గోస్తని వెంట మూడు రోజులు

అరకు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. ఎప్పుడూ ఒకటే పద్ధతి. తెల్లారకుండా కారెక్కడం, బొర్రా చూడడం, బొంగులో చికెన్ తినడం, రాత్రికి విశాఖ చేరిపోవడం. ఈసారి డిసెంబరు మొదట్లో మా అత్తయ్యగారు కూడా వస్తానన్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పిల్లల్లో పెద్దాడికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఆరు. వీళ్ళందరితో హడావుడి పడలేమని మూడు రోజులు పెట్టుకున్నాం, దారి కూడా మార్చాం. బొర్రా గుహల్లో కనిపించే గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా. ఆ ఏటితో పాటే కిందికి దిగుదామనుకున్నాం.

నేనూ పిల్లలూ కిరండూల్ పాసింజరులో వెళ్ళాం. అత్తయ్యగారిని తీసుకుని మావారు కారులో వచ్చారు. బొర్రా గుహలు స్టేషన్లో దిగి అందరం కలుసుకున్నాం. ముసలివాళ్ళు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇదే మంచి ఏర్పాటు. పిల్లలకి రైలు సరదా తీరుతుంది, పెద్దవాళ్ళకి రద్దీలో నిలబడే బాధ తప్పుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. శివలింగపురం దాటాక ఎక్కుడు మొదలవుతుంది, ఒకదాని వెంట ఒకటి సొరంగాలు. పెద్దాడు నోటుబుక్కులో సొరంగానికో గీత పెట్టాడు. ఇడ్లీ పొట్లం విప్పేసరికి లెక్క తప్పిపోయి చాలాసేపు దిగులు పడ్డాడు. అద్దాల విస్టాడోమ్ పెట్టె కావాలంటే టికెట్లు బాగా ముందే తీసుకోవాలి. మాకు దొరకలేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా లోయ బాగానే కనిపించింది, కాకపోతే ఆదివారం మాత్రం వద్దు.

గుహలో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా కూడా ఉంటాయి. అత్తయ్యగారు కమ్మీ పట్టుకుని మొదటి పెద్ద హాలు దాకా దిగి అక్కడే కూర్చుండిపోయారు. నిజానికి గుహ గొప్పతనం అక్కడే సగం తెలిసిపోతుంది. అంత ఎత్తు కప్పు, పైనుంచి పడే వెలుతురు ఇంకెక్కడా చూడలేదు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు శివలింగం దాకా వెళ్ళాలని పట్టుబట్టకండి. గైడ్ ఒక చోట ఆగి, పైనుంచి వేలాడుతున్న సున్నపురాయి కొన మీద టార్చి వేశాడు. అక్కడ ఒక్క నీటిబొట్టు, ఊగుతోంది గానీ పడటం లేదు. చిన్నది అరచెయ్యి చాపి నిలబడింది. వెనక జనం వచ్చేస్తున్నా గైడ్ తొందరపెట్టలేదు. చివరికి టప్పున చేతిలో పడింది. వాన నీరు రాతిలోని సున్నాన్ని కొంచెం కొంచెం కరిగించి తెస్తుందని, ప్రతి బొట్టూ వెళ్తూ ఆ సున్నాన్ని వెంట్రుక వాసంత వదిలిపోతుందని, ఈ స్తంభాలన్నీ అలా పేరుకున్నవేనని మావారు చెప్పారు. అత్తయ్యగారు ఆవు కథ చెప్పారు. మేస్తూ మేస్తూ పైన కన్నంలోంచి ఆవు పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందట. ఆవు పొదుగు లాంటి రాతి నుంచి వచ్చింది కాబట్టి గోస్తని అంటారని. పిల్లలు రెండూ నమ్మారు.

కటికి జలపాతం మాత్రం వదిలేశాం. బొర్రా నుంచి జీపులు వెళ్తాయి, కానీ దారి కుదుపులు, చివర నడక. ఆరేళ్ళ పిల్లతో వద్దనిపించింది.

మొదటి రాత్రి అరకులో ఒక ప్రైవేటు రిసార్టులో గది తీసుకున్నాం. ఆన్‌లైన్ ఫోటోల్లో కిటికీ తీస్తే లోయ. మాకిచ్చిన గది కిటికీ తీస్తే గోడ. వేణ్ణీళ్ళు రాలేదు, ఆ చలిలో బకెట్టు కోసం మూడుసార్లు ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. క్యాంప్‌ఫైర్ పేరుతో అర్ధరాత్రి దాకా డీజే మోత. అత్తయ్యగారికి కంటి మీద కునుకు లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసే ముందే ఫోన్ చేసి రెండు మాటలు అడగండి: గీజరు పనిచేస్తుందా, రాత్రి పాటలు ఎన్నింటికి ఆపుతారు. నేను అడగలేదు, దాని ఫలితం ఆవిడ పడ్డారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

మర్నాడు వలిసె పూల చేలు. కొండ వాలంతా పసుపు పరిచినట్టుంది. చేలో దిగి ఫోటో తీసుకోనిచ్చినందుకు రైతులు కొంచెం డబ్బు అడుగుతారు. బేరమాడకుండా ఇవ్వండి. అది వాళ్ళ నూనెగింజల పంట, మన కాళ్ళ కింద నలిగేది వాళ్ళ కష్టమే. గిరిజన మ్యూజియం పిల్లలకి గంట కాలక్షేపం.

రెండో రాత్రికి అనంతగిరిలోని టూరిజం శాఖ వారి హరిత రిసార్టుకు మారిపోయాం. శుభ్రమైన దుప్పట్లు, వేడి అన్నం, పప్పుచారు, ముఖ్యంగా నిశ్శబ్దం. పిల్లలతో అయితే అరకు కంటే అనంతగిరిలోనే బస చెయ్యమంటాను. పొద్దున్నే కాఫీ తోటలోకి నడిచాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. అక్కడ పండ్లు కోస్తున్న ఒక అమ్మ, చిన్నదానికి ఎర్రటి పండొకటి ఒలిచి నోట్లో పెట్టింది. పైన గుజ్జు తియ్యగా ఉంటుందని, మనం తాగేది లోపలి గింజని నాకూ అప్పుడే తెలిసింది.

మూడో రోజు ఘాట్ దిగి, శృంగవరపుకోటలో టిఫిన్ తిని తాటిపూడి వెళ్ళాం. గోస్తని మీద కట్టిన రిజర్వాయరు, మన విశాఖ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో కొన్ని ఇక్కడివే. చుట్టూ కొండలు, జనం తక్కువ. తిండి మాత్రం వెంట తీసుకెళ్ళండి.

అక్కడి నుంచి పద్మనాభం. ఇంత దగ్గర్లో ఉండి ఇన్నాళ్ళూ రాలేదేమా అనిపించింది. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) సైన్యంతో పోరాడి చనిపోయింది ఇక్కడే. పేష్కషు, అంటే కుంఫిణీకి కట్టాల్సిన కప్పం, బకాయిల దగ్గర మొదలైన తగాదా అది. అరకు దారిలో ఎంత రద్దీ ఉందో ఇక్కడ అంత ఖాళీ. స్కూలు పిల్లల్ని బస్సుల్లో తేవాల్సిన చోటు ఇది. అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లు. మావారూ పెద్దాడూ ఎక్కారు. మేం ముగ్గురం కింద కుంతీమాధవస్వామి గుడిలో కూర్చున్నాం. పూజారిగారు అత్తయ్యగారికి పీట వేసి, ఆవిడ అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు. పైనుంచి దిగుతూనే పెద్దాడు, "అమ్మా, ఏరు కనిపించింది!" అని అరిచాడు.

భీమిలి చేరేసరికి నాలుగు దాటింది. డచ్చివాళ్ళ సమాధులు చూశాం. కొన్ని గోపురాల్లా నిలబడ్డాయి, రాతి మీద అక్షరాలు అరిగిపోతున్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు కదా, పాత వీధుల్లో నడవడానికే ఒక పూట కావాలి. మాకంత పొద్దు లేదు.

ఏరు సముద్రంలో కలిసే చోట పిల్లల్ని నీళ్ళలోకి దించకండి, లాగుడు ఎక్కువ. మేం ఏటి ఒడ్డునే, పడవలు కట్టేసిన చోట ఆగాం. అత్తయ్యగారు నా భుజం పట్టుకుని మెల్లగా వంగి దోసెడు నీళ్ళు తీసుకున్నారు. తన నెత్తిన చల్లుకుని, పిల్లల నెత్తిన చల్లారు. చిన్నది ఆ తడి చెయ్యి వాసన చూసుకుని, "నానమ్మా, గుహలో నీళ్ళకి ఈ వాసన లేదు" అంది.

"అక్కడ ఉప్పు కలవలేదు కదే" అన్నారావిడ.

చీకటి పడకముందే బీచ్ రోడ్డు పట్టుకుని ఇంటికొచ్చేశాం.