మాస్టొడాన్‌లో కొత్తగా చేరినవారికి ఏం కనిపిస్తుంది: కడప నుంచి ఒక సమీక్ష

మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమం పేరు మన పత్రికలలో ప్రధానంగా రెండుసార్లు వినిపించింది. 2019లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, దానికి నిరసనగా మన దేశంలో చాలామంది ఇక్కడ ఖాతాలు తెరిచారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్న తరువాత వివిధ దేశాల నుంచి లక్షలమంది వచ్చారు. ఆ రెండు సందర్భాలలోనూ వార్త చదివి ఊరుకున్నాను. కడప జిల్లాలో తిరుగుతూ తీసిన శాసనాల, వీరగల్లుల (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ల), పాడుబడిన గుళ్ల ఫోటోలను నాలుగు మాటల వివరణతో పెట్టుకోవడానికి ప్రకటనల గోల లేని చోటు కావలసి వచ్చి, ఈ మధ్యనే ఇందులో చేరాను. కొత్తగా వచ్చినవాడి కంటికి ఏది ఎలా కనిపించిందో రాయడమే ఈ సమీక్ష ఉద్దేశం. ఏళ్ల తరబడి వాడుతున్నవారికి ఇందులో కొన్ని మాటలు మరీ ప్రాథమికంగా తోచవచ్చు.

దీనిని 2016లో యూజెన్ రోచ్కో అనే యువకుడు జర్మనీలో ఉంటూ మొదలుపెట్టాడు. ఇది ఒక కంపెనీ చేతిలో ఉండే ఒకే వెబ్‌సైటు కాదు. ఈ సాఫ్ట్‌వేరు ఎవరైనా ఉచితంగా దించుకుని తమ కంప్యూటరులో నడుపుకోగలిగినది కాబట్టి, వ్యక్తులు, సంఘాలు, విశ్వవిద్యాలయాలు, కొన్ని ప్రభుత్వ సంస్థలు కూడా ఎవరి సర్వరును వారు నడుపుకుంటున్నారు. ఒక సర్వరులో ఉన్నవారు మరొక సర్వరులో ఉన్నవారిని అనుసరించవచ్చు, జవాబివ్వవచ్చు. జీమెయిల్ ఉన్నవారు యాహూ ఉన్నవారికి ఉత్తరం రాయగలగడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఈ సర్వర్ల మధ్య మాటలు నడిపే పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ దానిని 2018లో ప్రమాణంగా ఆమోదించింది. అందువల్ల ఫోటోల కోసం ఉన్న పిక్సెల్‌ఫెడ్‌లోని వ్యక్తిని కూడా మాస్టొడాన్‌లో కూర్చునే అనుసరించవచ్చు.

చెప్పడానికి బాగానే ఉంటుంది గానీ, కొత్తవారు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఫేస్‌బుక్‌లో పేరు, ఫోను నంబరు ఇస్తే చేరిక అయిపోతుంది. ఇక్కడ అన్నిటికంటే ముందు ఏ సర్వరులో ఉంటావని అడుగుతారు. ఊరు చూడకముందే ఆ ఊళ్లో అద్దె ఇల్లు ఎంచుకోమన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. దీనివల్ల వెనుదిరిగేవారు ఎక్కువని గ్రహించినట్టున్నారు, యాప్ తెరిచిన వెంటనే మాస్టొడాన్ డాట్ సోషల్ అనే పెద్ద సర్వరులో చేరే బొత్తాం ఇప్పుడు ముందు కనిపిస్తుంది. వేరే సర్వరు ఎంచుకునే దారి దాని కింద ఉంటుంది. తొందర ఉన్నవారు పై బొత్తాం నొక్కినా నష్టమేమీ లేదు. అయినా కింది దారిలో వెళ్లి కాసేపు వెతకమనే నా సలహా. ప్రతి సర్వరుకూ తనవైన నియమాలు ఉంటాయి, చేరేముందు వాటిని చూపించి ఒప్పుకోమంటారు. ఆ నియమాలు చదివితే ఆ సర్వరు నడిపేవారి స్వభావం సగం తెలిసిపోతుంది. అంతేగాక ప్రతి సర్వరులోనూ స్థానిక టైమ్‌లైన్ అని ఒకటి ఉంటుంది, అందులో ఆ సర్వరు సభ్యుల బహిరంగ పోస్టులన్నీ వరుసగా వస్తాయి. సర్వరు మీ ఆసక్తికి దగ్గరిదైతే ఎవరినీ అనుసరించకముందే చదవడానికి మీకు పనికివచ్చే సరుకు దొరుకుతుంది.

నేను చరిత్ర, పురావస్తు విషయాలపై ఆసక్తి ఉన్నవారు నడిపే ఒక చిన్న సర్వరును ఎంచుకున్నాను. అక్కడ చేరాలంటే ఎందుకు చేరుతున్నారో రెండు వాక్యాలు రాయాలి, నిర్వాహకుడు చదివి అనుమతించాలి. మా కడప ప్రాంతమైన రేనాటి సీమలోని రాతి శాసనాల ఫోటోలు తీస్తానని రాశాను, అనుమతి వచ్చింది. సర్కారు ఆఫీసుకు పెట్టుకున్న అర్జీలా ఇదేమిటని మొదట అనిపించినా, దొంగ ఖాతాలను వాకిట్లోనే ఆపడానికి చిన్న సర్వర్లకు ఇంతకంటే చవకైన ఉపాయం లేదని తరువాత ఒప్పుకోవలసి వచ్చింది. ఇంకొక సంగతి కొత్తవారు తప్పక తెలుసుకోవాలి. మీ సర్వరు నిర్వాహకుడు తనకు నచ్చని మరొక సర్వరును మొత్తంగా నిరోధించగలడు. అప్పుడు అక్కడున్నవారి మాట మీకు వినబడదు, మీ మాట వారికి వినబడదు. చాలా సర్వర్లు ఇలా నిరోధించినవాటి జాబితాను తమ పరిచయ పేజీలో పెడతాయి. చేరేముందు అది చూడడం మంచిది.

ఖాతా తెరిచాక మొదటి అనుభవం నిశ్శబ్దం. హోం టైమ్‌లైన్‌లో ఏమీ ఉండదు. మీ ఫోనులోని నంబర్లు చూసి పాత స్నేహితులను వెతికిపెట్టడం గానీ, మీరు దేని దగ్గర ఎంతసేపు ఆగారో లెక్కగట్టి అలాంటివే మళ్లీ మళ్లీ ముందు పోయడం గానీ ఈ సాఫ్ట్‌వేరు చేయదు. మీరు అనుసరించినవారు రాసినది, వారు ఇతరులనుంచి తెచ్చి పంచినది కాలక్రమంలో వస్తుంది, అంతే. కొత్తదంతా చదవడం అయ్యాక ఇక చదివేదేమీ మిగలదు. ఇతర మాధ్యమాలకు అలవాటుపడ్డ వేలు ఇంకా కిందికి జరుపుదామని చూస్తుంది. జరపడానికి నిన్నటి పోస్టులే ఉంటాయి. రాత్రి పదింటికి ఫోను పక్కన పెట్టగలగడానికి నాకు దీనివల్ల మేలే జరిగింది.

కానీ రాసేవారి వైపు నుంచి చూస్తే కథ వేరు. ఇక్కడ పాఠకులను మీ దగ్గరికి తెచ్చే యంత్రం లేదు, పోస్టులు వ్యాపించేది మనుషుల చేతుల మీదుగా మాత్రమే. ఫేవరెట్ నొక్కితే రాసినవారికి మెచ్చుకోలు అందుతుంది తప్ప ఆ పోస్టు ఇంకెవరి టైమ్‌లైన్‌లోకీ అందువల్ల చేరదు. నలుగురికీ చేరాలంటే ఎవరో ఒకరు బూస్ట్ నొక్కాలి, అంటే దానిని తమ అనుచరులకు పంచాలి. ఫేస్‌బుక్‌లో లైకులకు అలవాటుపడిన మనవారికి ఈ తేడా ఎవరూ చెప్పరు. వెతుకులాటా అంతే: మీరు అమరికలలోకి వెళ్లి, నా బహిరంగ పోస్టులను శోధనలో చూపవచ్చునని ఒప్పుకుంటే తప్ప మీ వాక్యాలలోని మాటలను బట్టి కొత్తవారెవరూ మిమ్మల్ని వెతికి పట్టుకోలేరు. ఈ సౌకర్యమే 2023లో వచ్చింది. అంతకుముందూ ఇప్పుడూ ఇక్కడ నిజమైన దారిబోర్డు హ్యాష్‌ట్యాగ్ ఒక్కటే. హ్యాష్‌ట్యాగ్‌నే నేరుగా అనుసరించే వీలు ఉంది, దానిని వాడిన కొత్త పోస్టులు మీ హోంలోకి వస్తుంటాయి. చేరిన మొదటి రోజున మనుషులకంటే ముందు నాలుగైదు హ్యాష్‌ట్యాగులను అనుసరించడం ఉత్తమం. తెలుగు లిపిలోనే హ్యాష్‌ట్యాగు పెట్టవచ్చు, ఒక్కొక్క పోస్టుకూ అది ఏ భాషలో ఉందో గుర్తు పెట్టవచ్చు. అయితే తెలుగు హ్యాష్‌ట్యాగుల కింద పోస్టులు చాలా పలుచగా ఉన్నాయి. శాసనాలు, ఆలయాలు, పక్షులు, పాత పుస్తకాలు వంటి విషయాలకు ఇంగ్లీషు హ్యాష్‌ట్యాగుల కింద ఉన్న సందడిలో పదో వంతు కూడా తెలుగులో కనబడదు.

అందువల్ల నేను ఒక్కొక్క పోస్టునూ తెలుగులో రాసి, చివర రెండు హ్యాష్‌ట్యాగులను తెలుగులోనూ రెండింటిని ఇంగ్లీషులోనూ పెట్టడం మొదలుపెట్టాను. పోస్టుకు మామూలుగా 500 అక్షరాల పరిమితి ఉంటుంది. లింకు ఎంత పొడవున్నా 23 అక్షరాలుగానే లెక్కవేస్తారు. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో దొరికిన, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు వేయించిన శాసనాన్ని సుమారు క్రీ.శ. 575 నాటిదిగానూ, మనకు తెలిసిన తొలి తెలుగు శాసనంగానూ పండితులు గుర్తించారన్న సంగతిని నేపథ్యంతో సహా చెప్పడానికి ఆ పరిమితి సరిపోయింది. మిగిలిన వివరం ఆ పోస్టు కిందే జవాబుగా కొనసాగించవచ్చు. పంపిన తరువాత తప్పు కనబడితే దిద్దుకోవచ్చు. దిద్దినట్టు గుర్తు పడుతుంది, పాత పాఠం కూడా చూడవచ్చు. పాఠభేదాల మీద తగవులాడుకునే మావంటివారికి ఇంతకంటే కావలసిందేముంది!

ఈ మాధ్యమంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఫోటోలకు వివరణ రాసే ఆచారం. చూపులేనివారు ఫోనులో చదివి వినిపించే సాధనంతో పోస్టులు వింటారు కాబట్టి, ప్రతి ఫోటోకూ అందులో ఏముందో మాటలలో రాయాలని ఇక్కడివారు పట్టుబడతారు. ఆ వివరణకు 1500 అక్షరాల దాకా చోటిచ్చారు. ఇతర చోట్లా ఈ వసతి ఉంది, వాడేవారే అరుదు. ఇక్కడ వివరణ లేని ఫోటోను బూస్ట్ చేయనని తమ పరిచయంలోనే రాసుకున్నవారు ఎందరో ఉన్నారు. మొదట ఇదొక అదనపు చాకిరీ అనిపిస్తుంది. అయితే ఒక వీరగల్లు ఫోటోకు వివరణ రాయడానికి కూర్చుంటే, కింది అంతస్తులో పోరాటం, నడుమ వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, పైన లింగం ముందు కూర్చున్న వీరుడు, వీటిని వరుసగా మాటలలో పెట్టేసరికి, అంతవరకు నేను గమనించని కత్తి పట్టు ఒకటి, ఒక మూలన ఆవుల మంద కనబడ్డాయి. ఆవుల మంద ఉంటే అది పశువులను కాపాడుతూ పోయినవాడి రాయి కావచ్చునన్న ఆలోచన ఆ వివరణ వల్లనే వచ్చింది. ఆ పోస్టుకు కర్ణాటక నుంచి ఒకరు జవాబు రాశారు. పాత తెలుగు-కన్నడ లిపి ఒకటే కాబట్టి రాతి మీద మిగిలిన అక్షరాలను ఆయన కన్నడం వైపు నుంచి, నేను తెలుగు వైపు నుంచి చదువుతూ చాలాసేపు మాట్లాడుకున్నాం. మధ్యలో ఎవరూ దూరి కులం, పార్టీ ఎత్తలేదు. ఇలాంటి సంభాషణ ఒకటి జరగడానికి ఇతర మాధ్యమాలలో ఎంత బురద దాటాలో వాడేవారికి తెలుసు.

ఇక లేనివాటి సంగతి. కడపలో కూర్చుని కడప సమాచారం కోసం ఇందులో చేరేవారు నిరాశపడక తప్పదు. పెన్నాకు నీళ్లు వదిలారా, ఏ రోజు కరెంటు తీస్తారు, ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలకు ప్రత్యేక బస్సులున్నాయా, పెద్ద దర్గా ఉరుసుకు రోడ్డు ఎటు మళ్లించారు వంటివి తెలుసుకోవాలంటే మనకు వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీలే గతి. జిల్లా అధికారుల ఖాతాలు గానీ, ఊరి విలేఖరుల ఖాతాలు గానీ నాకు ఇక్కడ కనిపించలేదు. బంధువులు, చిన్ననాటి స్నేహితులు, పక్కింటివారు ఎవరూ ఉండరు. వారిని రమ్మని పిలవాలంటే మళ్లీ సర్వరు కథంతా మొదటి నుంచి చెప్పాలి. మా ఇంట్లో మా మేనల్లుడికి ఈ విషయం వివరించబోతే, అందరూ ఉన్నచోట ఉండక ఎవరూ లేనిచోటికి ఎందుకు పోయావు మామా అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే.

గోప్యత విషయంలో మాత్రం మొహమాటం లేకుండా ఒక హెచ్చరిక చేయాలి. ప్రతి పోస్టునూ అందరికీ, అనుచరులకు మాత్రమే, పేరు పెట్టి పిలిచినవారికి మాత్రమే అని పరిమితం చేసే ఏర్పాటు చక్కగా ఉంది. అయితే ఈ చివరి రకం పోస్టులు వాట్సాప్ సందేశాల వలె రహస్య సంకేతాలలో భద్రపరచినవి కావు. మీ సర్వరు, అవతలివారి సర్వరు నడిపేవారు తలచుకుంటే సాంకేతికంగా వాటిని చదవగలరు. పైగా ఆ మాటల మధ్యలో మూడో వ్యక్తి ఖాతా పేరు రాస్తే ఆ వ్యక్తికీ ఆ సందేశం అందుతుంది. కాబట్టి ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, ఇంటి గొడవలు ఇందులో రాయకూడదు. శాసనాల గురించి రాసేవారికి ఇంకొక జాగ్రత్త కూడా చెబుతాను: కాపలా లేని చోట ఉన్న విగ్రహాల, రాళ్ల జాడ ఏ మాధ్యమంలోనూ బహిరంగంగా ఇవ్వకండి. గుప్తనిధుల పిచ్చితో మన సీమలో తవ్వి పాడుచేసిన గుళ్లు చాలు.

ఖర్చు విషయానికి వస్తే, వాడేవారు చెల్లించవలసినది ఏమీ లేదు. అధికారిక యాప్ ఆండ్రాయిడ్‌కూ ఐఫోనుకూ ఉచితమే, వేరేవారు చేసిన యాప్‌లు కూడా చాలా ఉన్నాయి. వెబ్‌లో వాడేటప్పుడు అమరికలలో తెలుగును ఎంచుకోవచ్చు గానీ అనువాదం అసంపూర్ణంగా ఉండడంతో సగం మాటలు ఇంగ్లీషులోనే వస్తాయి. ఇంగ్లీషు బొత్తిగా రానివారికి ఒకరి సాయం ఉండాలి.

చందాలతో, ఎవరి ఓపిక మీద వారు నడుపుతున్న సర్వర్లు కావడంతో, నిర్వాహకుడు విసిగిపోయినా, డబ్బు చాలకపోయినా సర్వరు మూతపడవచ్చు. ముందుగా తెలిస్తే వేరే సర్వరుకు మారవచ్చు. మారినప్పుడు మిమ్మల్ని అనుసరించేవారు మీతోపాటు కొత్త ఖాతాకు వస్తారు, కానీ మీరు రాసిన పోస్టులు పాతచోటనే ఉండిపోతాయి. దీనిని చిన్న లోపంగా తీసిపారేయలేం. ఏళ్లపాటు రాసినది ఒక అపరిచితుని ఓపిక మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి చేరేముందే తెలిసి ఉండాలి. అమరికలలోని ఎగుమతి విభాగంలో మీ పోస్టులు, ఫోటోల మొత్తం ప్రతిని ఏడు రోజులకొకసారి కోరి దించుకోవచ్చు. మీరు అనుసరించేవారి జాబితాను విడిగా ఎప్పుడైనా తీసుకోవచ్చు.

చెప్పుకోవడానికి ఒక విషయం ఉండి, దాని గురించి తెలియనివారితో నింపాదిగా మాట్లాడాలనుకునేవారికి దీనిని సిఫారసు చేస్తాను. అమ్మకాల కోసం, ప్రచారం కోసం, ఊరి కబుర్ల కోసం వెతికేవారికి చేయను. చేరదలచుకున్నవారు ఖాతా తెరిచిన రోజే తామెవరో, ఏ విషయంపై రాస్తారో తెలిపే పరిచయ పోస్టు ఒకటి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టి, దానిని తమ పేజీ పైన అతికించుకోవాలి. మీ పేరు మీద నొక్కిన కొత్త వ్యక్తి మిమ్మల్ని అనుసరించాలా వద్దా అని నిర్ణయించుకునేది దానిని చూసే. తెలుగు ఖాతా ఏదైనా కనబడితే వెంటనే అనుసరించండి, నచ్చిన పోస్టుకు ఫేవరెట్‌తో సరిపెట్టక బూస్ట్ కూడా నొక్కండి.