షాట్లు, యాంగిల్స్ నేర్చుకునేవాళ్లకి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునేవాళ్లు ముందు గింబల్ (ఫోన్ వణక్కుండా పట్టే పరికరం) కొంటారు, తర్వాత లైటు కొంటారు. షాట్ పెట్టడం నేర్చుకోవాలంటే ఆ రెండింటికన్నా ముందు కావాల్సింది మాట వినే కెమెరా. ఫోన్‌తో వచ్చే మామూలు కెమెరా వినదు. నడుము దాకా పట్టే మిడ్ షాట్ తీసి క్లోజ్‌కి వెళ్లగానే ముఖం ఫ్రేమంతా నిండుతుంది, ఎక్స్‌పోజర్ (బొమ్మలోని వెలుగు) తనంతట తానే సర్దుకుంటుంది, వెనకాల గోడ రంగు మారిపోతుంది. ఆ రెండు షాట్లూ ఎడిట్‌లో పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు రోజుల్లో తీసినట్టుంటాయి. తప్పు ఫ్రేమ్‌లో ఉందా, వెలుగులో ఉందా అన్నది కొత్తవాళ్లకి తేలదు.

బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఆస్ట్రేలియాకి చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దీన్ని 2023 సెప్టెంబరులో ఐఫోన్‌కి, 2024 జూన్‌లో ఆండ్రాయిడ్‌కి తెచ్చింది. పూర్తిగా ఉచితం, వీడియో మీద వాటర్‌మార్క్ పడదు. ఆండ్రాయిడ్‌లో మాత్రం అన్ని ఫోన్లకీ రాదు. మొదట్లో గూగుల్ పిక్సెల్, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్‌లో కొన్నిటికే ఇచ్చారు, తర్వాత జాబితా పెరిగింది. మీ ఫోన్ అందులో ఉందో లేదో ప్లే స్టోర్‌లో చూసుకున్నాకే మిగతా ఆలోచన.

తెరిచీ తెరవగానే తెర పైభాగాన అంకెల వరస కనిపిస్తుంది: లెన్స్, ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు), షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుగు పడే సమయం), ఐరిస్ (వెలుగు వచ్చే రంధ్రం), ఐఎస్‌ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలి), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దడం), టింట్ (ఆకుపచ్చ, గులాబీ ఛాయల సర్దుబాటు). దేని మీద వేలు పెడితే దాని సర్దుబాటు తెరుచుకుంటుంది. చాలా ఫోన్లలో ఐరిస్ మారదు కాబట్టి దాన్ని వదిలేయండి. ఫ్రేమ్ రేట్ 25, షట్టర్ 180 డిగ్రీలు పెట్టండి. అంటే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు పడే సమయం సెకనులో 50వ వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు వెలుగు సెకనుకి 100 సార్లు ఎగసి తగ్గుతుంది. 1/50 షట్టర్‌లో సరిగ్గా రెండు ఎగుడుదిగుళ్లు పడతాయి కాబట్టి ట్యూబ్‌లైటు కింద కూడా బొమ్మ మినుకుమనదు. సినిమా లుక్ కోసం 24 ఫ్రేములే కావాలంటే షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టాలి, అప్పుడూ అదే 1/50 వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి కరెంటు 60 హెర్ట్జ్. అక్కడ 24 ఫ్రేములకి 144 డిగ్రీలు సరిపోతుంది. ఇక ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్ ఆటోలోంచి తీసేసి, సీన్ మొత్తానికి ఒకే అంకె మీద లాక్ చేయండి. ఇప్పుడు షాట్‌కీ షాట్‌కీ మధ్య మారేది మీరు పెట్టిన ఫ్రేమ్ ఒక్కటే.

ఈ యాప్‌లో నేర్చుకునేవాళ్లకి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది లెన్స్ బటన్. మామూలు కెమెరాలో 3ఎక్స్ నొక్కినా, వెలుగు తక్కువగా ఉంటే ఫోన్ చెప్పాపెట్టకుండా మెయిన్ లెన్స్‌కి మారి బొమ్మని కత్తిరించి ఇస్తుంది. ఇందులో ఎంచుకున్న లెన్స్ మీదే ఉంటుంది. వేళ్లతో జూమ్ చేయడం మానేసి, లెన్స్ ఎంచుకుని, కాళ్లతో ముందుకీ వెనక్కీ నడవడం అలవాటు చేసుకోండి. షాట్ సైజ్ వేరు, దూరం వేరు అన్న సంగతి అలా నడిస్తేనే ఒంటికి పడుతుంది.

లెక్క చూడండి. చాలా ఫోన్ల మెయిన్ లెన్స్ 24 ఎంఎం దరిదాపుల్లో ఉంటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది). ఫోన్ అడ్డంగా పట్టుకుని 16:9లో తీస్తే, నిలబడ్డ మనిషి తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో పట్టాలంటే రెండున్నర మీటర్ల దూరం కావాలి. నడుము దాకా పట్టే మిడ్ షాట్‌కి సుమారు 1.2 మీటర్లు. తలా భుజాలూ ఉండే క్లోజ్‌కి దాదాపు అర మీటరు. గొడవంతా ఈ అర మీటరు దగ్గరే వస్తుంది. ముక్కు కొనకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్ల తేడా ఉంటుందనుకుంటే, లెన్స్‌కి ముక్కు 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు చెవులు 62లో ఉంటాయి. చెవులతో పోలిస్తే ముక్కు నాలుగో వంతు పెద్దదైపోతుంది. బుగ్గలు వెనక్కి పోయి ముఖం ఉబ్బినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ల షార్ట్ ఫిల్ముల్లో హీరోయిన్ క్లోజ్ బాగా రాలేదంటే మేకప్‌ని, లైటింగ్‌ని తిడతారు గానీ చాలాసార్లు తప్పు ఈ దూరానిదే. అదే క్లోజ్‌ని 2ఎక్స్‌లో, అంటే 48 ఎంఎంలో పెడితే మీటరు దూరం వస్తుంది. 77 ఎంఎం టెలీలో (దూరంలోది దగ్గరగా చూపే లెన్స్) 1.7 మీటర్లు. అక్కడ ముక్కుకీ చెవికీ తేడా 7 శాతానికి పడిపోతుంది, ముఖం మనం రోజూ చూసే ముఖంలా ఉంటుంది. కంటి రెప్పలు, వేలి ఉంగరం లాంటి ఎక్స్‌ట్రీమ్ క్లోజ్‌కి మాత్రం చాలా ఫోన్లలో టెలీ పనికిరాదు, అంత దగ్గర ఫోకస్ పట్టదు. దానికి 2ఎక్సే దారి.

స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిదిద్దే సౌకర్యం) ఆన్‌లో ఉంటే ఫ్రేమ్ అంచులు కత్తిరించుకుపోయి పై దూరాలు ఇంకాస్త పెరుగుతాయి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు దాన్ని ఆఫ్ చేయండి.

ఫ్రేమ్ గైడ్స్‌లో 2.39:1 (ఎత్తుకి 2.39 రెట్ల వెడల్పు) పెడితే తెరపై పైనా కిందా గీతలు వస్తాయి. సినిమాస్కోప్ ఫ్రేమ్ పెట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఆ గీతలు వీడియోలో రికార్డు కావు, కత్తిరింపు ఎడిట్‌లో మీరే చేయాలి. పైగా ఎత్తు నాలుగో వంతు తగ్గుతుంది కాబట్టి అదే మిడ్ షాట్‌కి ఇంకో మూడో వంతు దూరం వెనక్కి జరగాలి. 1.2 మీటర్లు కాస్తా 1.6 అవుతుంది. స్కోప్ క్లోజ్‌లో నుదుటి పైభాగం తెగినా ఫర్వాలేదు, గడ్డం తెగకూడదు. ఏ షాట్‌లోనైనా మోకాలు, మణికట్టు, మెడ లాంటి కీళ్ల దగ్గర ఫ్రేమ్ తెంపితే మనిషిని నరికినట్టుంటుంది. తొడ మధ్యలోనో ఛాతీ మధ్యలోనో తెంపండి.

యాంగిల్స్‌కి పనికొచ్చేది గ్రిడ్స్‌లో ఉన్న హొరైజన్. ఫోన్ పక్కకి ఒరిగిందా, పైకో కిందికో వంగిందా అన్నది రెండు గీతలతో చూపిస్తుంది. చాలామంది నిలబడి, ఫోన్‌ని కాస్త పైకి వంచి లో యాంగిల్ పెట్టామనుకుంటారు. లో యాంగిల్ రావాలంటే లెన్స్ కిందికి దిగాలి. నిలబడ్డ మనిషికి 2 మీటర్ల దూరంలో లెన్స్‌ని నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, దాదాపు 25 డిగ్రీలు పైకి ఎత్తండి. వంటింటి పీట మీద కిలో బియ్యం సంచి వేసి, దానికి ఫోన్ ఆనించినా సరిపోతుంది. ఇళ్లల్లో ఈ షాట్ పెట్టగానే ఫ్రేమ్‌లోకి సీలింగ్ ఫ్యాన్ దూరుతుంది, హీరో తల మీద రెక్కలు మొలిచినట్టుంటుంది. మనిషిని రెండడుగులు పక్కకి జరపండి. అల్ట్రావైడ్ లెన్స్ జోలికి వెళ్లకండి, తలుపులూ గోడలూ లోపలికి కూలుతున్నట్టు వాలిపోతాయి. డచ్ యాంగిల్ (కావాలని ఫ్రేమ్‌ని పక్కకి ఒరగబెట్టే షాట్) కావాలంటే 10 నుంచి 15 డిగ్రీలు ధైర్యంగా ఒరగాలి. రెండు మూడు డిగ్రీలు ఒరిగితే ట్రైపాడ్ సరిగ్గా వేయలేదనుకుంటారు. టాప్ యాంగిల్‌లో లెన్స్ నేరుగా నేలని చూస్తున్నప్పుడు ఏ వైపు పైభాగమో ఫోన్‌కి తెలియదు, క్లిప్ నిలువుగా పడే ప్రమాదం ఉంది. రికార్డ్ నొక్కే ముందు తెర మీది అక్షరాలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి.

ఈ యాప్‌తో సాధన చేయడానికి ఇద్దరు మనుషులు, ఒక టేబుల్, రెండు టీ గ్లాసులు చాలు. ముందు ఇద్దరూ పడేలా మాస్టర్ తీయండి. తర్వాత ఇద్దరికీ చెరొక సజెషన్ (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లని చూపే షాట్), చెరొక క్లోజ్, చివర్లో గ్లాసు మీద ఒక కట్ షాట్ (మధ్యలో పెట్టుకునే చిన్న షాట్). కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లు నేల నుంచి 115–120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి, లెన్స్ అక్కడే పెట్టండి. సజెషన్‌లో ముందున్న భుజం ఫ్రేమ్‌లో మూడో వంతు దాటకూడదు, ఎదుటివాళ్ల రెండు కళ్లూ కనిపించాలి. ఒకవైపు సజెషన్ ఏ లెన్స్‌తో, ఎంత ఎత్తులో, ఎంత దూరంలో తీశారో రెండోవైపుదీ అలాగే తీయాలి. అందుకే ట్రైపాడ్ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోవాలి. ఇద్దరి మధ్యా ఊహాగీత గీసుకుని, కెమెరాని దానికి ఒకే పక్కన ఉంచండి. గీత దాటితే ఇద్దరి లుక్కూ ఒకే వైపుకి పోయి, ఇద్దరూ కలిసి మూడోమనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. సీన్, టేక్ నంబర్లు యాప్‌లోని స్లేట్ పేజీలో అప్పటికప్పుడు ఎక్కించండి. ఈ ఆరు షాట్లకే క్లిప్పులు కలగాపులగం అవుతాయి.

ఇక లోట్లు. యాప్ ఏ షాట్ పేరూ చెప్పదు, ఫ్రేమ్ తప్పని హెచ్చరించదు, నేర్పే పాఠాలు లోపల లేవు. షాట్ల పేర్లైనా తెలియనివాళ్లు తెర మీద ఇన్ని అంకెలు చూసి బెదిరిపోతారు. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి మిడ్ షాట్‌లో బ్యాక్‌గ్రౌండ్ మసకబారదు, ఫోకస్ ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి మార్చే షాట్ ఇందులో సరిగ్గా నేర్చుకోలేరు. దానికి ఇంటర్‌చేంజబుల్ లెన్స్ కెమెరా కావాల్సిందే. ఎండలో ఎక్కువసేపు తీస్తే ఫోన్ వేడెక్కి తెర వెలుగు తగ్గిపోతుంది. అప్పుడు తెరని నమ్మి ఎక్స్‌పోజర్ మార్చొద్దు, హిస్టోగ్రామ్ (బొమ్మలో వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూడండి.

ఐఫోన్ ప్రో మోడళ్లలో ప్రోరెస్ (ఎక్కువ నాణ్యత ఉన్న పెద్ద ఫైళ్ల ఫార్మాట్) కనిపించిందని ఆశపడొద్దు. 4కె ప్రోరెస్ నిమిషానికి దాదాపు 6 జీబీ తింటుంది. సాధనకి 1080పి, హెచ్.265 (ఫైలు చిన్నగా ఉండే ఫార్మాట్) చాలు. మీడియా సెట్టింగ్స్‌లో క్లిప్పులు ఎక్కడ సేవ్ అవుతున్నాయో మొదటిరోజే చూసుకోండి. ఐఫోన్‌లో అవి యాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటే, యాప్ తీసేసిన రోజు వాటితో పాటే పోతాయి.