నెల్లూరులో ఉచిత బీఎంఐ చెకప్ బల్లల దగ్గర జాగ్రత్త: నా ఎత్తు తప్పు కొట్టి 7,400 వసూలు చేశారు

నెల్లూరు వాళ్ళకి, ముఖ్యంగా పొద్దున్నే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు నడకకి వెళ్ళేవాళ్ళకి ఈ పోస్టు. ఉచితంగా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) చూస్తామని రోడ్డు పక్కన బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళని నమ్మి 7,400 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ రోజు నుంచి మా పన్నెండేళ్ళ అమ్మాయి అద్దం ముందు నిలబడి "నేను మరీ బక్కగా ఉన్నానా నాన్నా" అని అడగడం మొదలుపెట్టింది. అందుకే రాస్తున్నాను.

ఆదివారం నడక అయిపోయి, చెమటలు కారుతూ నేనూ మా అమ్మాయీ బయటికి వస్తున్నాం. ఒక కుర్రాడు "సార్, ఫ్రీ చెకప్, రెండు నిమిషాలే" అని పిలిచాడు. చెప్పులు విప్పించి మిషన్ ఎక్కించాడు. బరువు 72. ఎత్తు ఎంత అంటే "ఐదడుగుల పది" అన్నాను. టేపు పెట్టి కొలవలేదు, నేను చెప్పింది ఫోన్లో కొట్టుకున్నాడు. బీఎంఐ 29.8 అని స్క్రీన్ చూపించాడు. "ఇంకాస్త పెరిగితే ఒబేసిటీలోకి వెళ్ళిపోతారు సార్. మీకు నలభై రెండేళ్ళే గానీ మీ బాడీ వయసు యాభై ఎనిమిది. మీరు 53 కిలోలకి రావాలి" అన్నాడు.

తర్వాత పాపని ఎక్కించాడు. ఎత్తు 150 సెంటీమీటర్లు (ఇది స్కూల్లో కొలిచిందే), బరువు 34, బీఎంఐ 15.1. "పాప అండర్‌వెయిట్ సార్. 18.5 ఉండాలి. ఇప్పుడు పట్టించుకోకపోతే తర్వాత చాలా కష్టం" అని పాప ముందే అన్నాడు. నాకు తగ్గడానికి పొడి, పాపకి పెరగడానికి పొడి. టెన్షన్‌లో అక్కడే ఫోన్‌లో డబ్బు కొట్టేశాను. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె రాసిచ్చారు.

వాళ్ళు చెప్పినట్టే పొద్దున టిఫిన్, రాత్రి అన్నం మానేసి పొడి కలుపుకుని తాగాను. తొమ్మిదో రోజు ఆటోనగర్‌లో నా స్పేర్ పార్ట్స్ కొట్లో నిలబడి ఉండగానే కళ్ళు బైర్లు కమ్మాయి. పక్క కొట్టాయన పట్టుకుని కూర్చోబెట్టి మజ్జిగ తాగించాడు. సాయంత్రం మా ఆవిడ పట్టుబట్టి, దర్గామిట్టలో మాకు తెలిసిన డాక్టరు గారి దగ్గరికి నన్నూ పాపనీ తీసుకెళ్ళింది. పాప డబ్బా సీలు తీయనివ్వకుండా ఆపింది కూడా ఆవిడే.

డాక్టరు గారు గోడకి ఆనించి ఎత్తు కొలిచారు. 178 సెంటీమీటర్లు. కాగితం తీసుకుని లెక్క నా చేతే వేయించారు. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించడమే బీఎంఐ. 72ని 1.78తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్ళీ 1.78తో. 22.7 వచ్చింది. మరి ఆ 29.8 ఎక్కడిది? ఇంటికొచ్చాక ఆ రోజు తీసుకున్న స్క్రీన్ ఫోటో పెద్దది చేసి చూశాను. ఎత్తు దగ్గర 5.1 అడుగులు అని ఉంది. కుర్రాడు 5.10 అని కొట్టాడు, లెక్కలో చివరి సున్నాకి విలువ లేదు. 5.1 అడుగులంటే 155 సెంటీమీటర్లు. అడుగుకి పన్నెండు అంగుళాలు కాబట్టి ఐదడుగుల పది అంగుళాలంటే 5.83 అడుగులు అవ్వాలి. వాళ్ళు చెప్పిన 53 కిలోలకి నేను నిజంగా దిగి ఉంటే నా బీఎంఐ 16.7కి పడిపోయేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

పాప విషయంలో లెక్క సరిగ్గానే వేశారు, చూసిన పట్టికే తప్పు. 18.5 అనేది పెద్దవాళ్ళకి పెట్టిన తక్కువ బరువు గీత. పిల్లలకి వయసు, ఆడా మగా చూసి వేరే చార్టులో చూడాలి. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2015లో ఇచ్చిన చార్టులు ఐదు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉన్నాయి. డాక్టరు గారు అందులో చుక్క పెట్టి పాపకే చూపించారు. "చూడమ్మా, నువ్వు మామూలు గీతల మధ్యలోనే ఉన్నావు" అన్నారు. పాప ముఖం అప్పుడు తేటపడింది.

బీఎంఐ అసలు పనికిరాదని నేను అనడం లేదు. 1830లలో బెల్జియం దేశపు గణిత శాస్త్రవేత్త క్వెట్లే మనుషుల సగటు కొలతల కోసం వేసిన లెక్క ఇది. 1972లో అమెరికాలో యాన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ఆ లెక్కకి కండ ఎంతో, కొవ్వు ఎంతో తెలియదు. మనవాళ్ళకి తక్కువ బరువులోనే కొవ్వు ఎక్కువ ఉంటుంది కాబట్టి, పాశ్చాత్యులకి 25 దగ్గర పెట్టిన అధిక బరువు గీతని మన డాక్టర్లు 23 దగ్గరే పెట్టారు. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ యడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం.

నా సంగతీ అంతే. బీఎంఐ 22.7 బాగానే ఉన్నా, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వచ్చింది. మన మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటకూడదట. అంటే నాకు తగ్గాల్సింది పొట్ట. డాక్టరు గారు షుగరు పరీక్ష రాశారు, రాత్రిపూట అన్నం కొలత తగ్గించి కూర, పప్పు పెంచమన్నారు, నడక మానొద్దన్నారు. పొడి ఊసే ఎత్తలేదు. ఆ బల్ల దగ్గర టేపే లేదు, నా నడుము ఎవరూ కొలవలేదు.

"బాడీ వయసు" అంకెని చూసి కూడా భయపడకండి. ఆ మిషన్ పాదాల గుండా చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీటిని బట్టి కొవ్వుని అంచనా కడుతుంది. నడిచి చెమట పట్టినప్పుడు ఒకలా, నీళ్ళు తాగి కూర్చున్నాక ఒకలా చూపిస్తుంది.

డబ్బు వెనక్కి అడగడానికి వెళ్తే "డబ్బాలు వెనక్కి తీసుకోం" అన్నారు. సీలు తీయని పాప డబ్బాకి కూడా అదే మాట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దానితో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. నా దగ్గర సరైన బిల్లు లేకపోవడమే ఇప్పుడు ఇబ్బంది, డబ్బు పంపిన రుజువు ఒక్కటే ఉంది. మీరు ఎక్కడ ఏ పొడి కొన్నా ముద్రించిన బిల్లు అడిగి తీసుకోండి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. షుగరు పోతుంది, థైరాయిడ్ నయమవుతుంది అని తినే వస్తువు మీద చెప్పి అమ్మడం చట్టం ఒప్పుకోదు.

మొన్న ఆదివారం చూశాను, ఆ బల్ల ఇంకా అక్కడే ఉంది. మీలో ఎవరైనా అక్కడ ఆగితే ఎత్తు సెంటీమీటర్లలోనే చెప్పండి, వాళ్ళు కొట్టిన అంకె కళ్ళతో చూడండి. పిల్లల్ని మాత్రం ఆ మిషన్ ఎక్కించకండి.