నికాన్ లెన్సులు, సోనీ బాడీ, మధ్యలో రెండు వేల గొట్టం

నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 డీ లెన్సు మొదట్లో ఒక రింగ్ ఉంటుంది. దాని మీద 1.8 నుంచి 22 దాకా అంకెలుంటాయి, 22 మాత్రం నారింజ రంగులో. నా నికాన్ కెమెరా డీ7000 ఒక్కటే వాడినన్నాళ్లూ ఆ రింగ్‌ని 22 దగ్గర పెట్టి, పక్కనున్న బుల్లి లాక్ వేసేసి ఉంచాను. లాక్ జారి రింగ్ కాస్త కదిలిందా, కెమెరాలో ‘ఎఫ్ఈఈ’ అని వచ్చేది, షట్టర్ పడేది కాదు. అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) మార్చడానికని పెట్టిన రింగ్, దాన్ని కదలకుండా కాపాడుకోవడం నా పని! సోనీకి మారిన రోజున ఆ లాక్ తీశాను. నా సంతోషంలో ముప్పాతిక వంతు దాని వల్లే.

నేను బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఉండేది రాజమండ్రి. ఫొటోలు ఆదివారం పని, వాటి మీద రూపాయి రాదు. ఉన్నవి మూడు డీ లెన్సులు: 24 ఎఫ్ 2.8, 50 ఎఫ్ 1.8, 85 ఎఫ్ 1.8. మూడూ ఫిల్ము నాటి తరహావి, ఫుల్ ఫ్రేమ్ (ఫిల్ము ముక్కంత సెన్సర్) కోసం చేసినవి. డీ7000 క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్నది) మీద 24 కాస్తా 36లా, ఇరుగ్గా కనిపించేది. మరి సెకండ్ హ్యాండ్‌లో నికాన్ ఫుల్ ఫ్రేమ్ డీ750 కొనుక్కుంటే సరిపోయేది కదా, అందులో ఈ లెన్సుల్ని తిప్పే మోటారు కూడా ఉంది, ఆటోఫోకస్ పోయేది కాదు కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నాకు చత్వారం వచ్చింది. కళ్లజోడు పెట్టుకుంటే వ్యూఫైండర్ మూలలు కనబడవు, తీసేస్తే వెనక తెర మీద ఏముందో కనబడదు. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో మెనూ, తీసిన ఫొటో, అన్నీ కన్ను తీయకుండానే చూసుకోవచ్చు. అందుకని అలాంటి వ్యూఫైండరుండే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) తప్పలేదు.

నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ బాడీ, పాత నికాన్ లెన్సుల్ని దానికి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కూడా చూశాను. లోపల మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు దాంతో ఆటోఫోకస్ వస్తుంది. నావి బాడీలోని మోటారు స్క్రూ తిప్పితే కదిలే లెన్సులు, ఎఫ్‌టీజెడ్‌లో ఆ మోటారు లేదు. అంటే అక్కడా ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. ఎలాగూ చేత్తోనే అయినప్పుడు బ్రాండు మారితే పోయేదేముంది? తమాషా ఏమిటంటే, సోనీ 2006లో కోనికా మినోల్టా కెమెరా వ్యాపారం తీసుకున్నాక, ఆ పాత స్క్రూ లెన్సుల కోసం ఎల్ఏ-ఈఏ5 అనే అడాప్టర్‌లో మోటారు పెట్టి మరీ 2020లో తెచ్చింది. నా దగ్గర మినోల్టా లెన్సులు లేవు, అది వేరే సంగతి. ఊళ్లో ఒకాయన సోనీ ఏ7 మార్క్ 2 అమ్ముతున్నాడని తెలిసింది, నా చేతికందే ధరలో వచ్చింది, తీసుకున్నాను.

అడాప్టర్ అన్నాను గానీ నేను కొన్నది ఉత్త గొట్టం. లోపల గాజు లేదు, చిప్పు లేదు, కరెంటు పోదు. ధర రెండు వేల లోపు. నికాన్ ఎఫ్ మౌంట్‌లో లెన్సు బిగించే చోటు నుంచి సెన్సర్‌కి 46.5 మిల్లీమీటర్లు, 1959 నుంచీ అంతే. సోనీ ఈ మౌంట్‌లో 18 మాత్రమే. మిగిలిన 28.5 మిల్లీమీటర్లను గొట్టం పూడుస్తుంది. అటు లెన్సు ఇటు పెట్టవచ్చు గానీ ఇటు లెన్సు అటు పెట్టలేం, అక్కడ చోటే లేదు. బ్రాండు మారేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఈ రెండు అంకెలు.

ఆ తర్వాత చూసుకోవాల్సింది రింగ్. దాని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. టిక్, టిక్ అని ఒక్కో స్టాప్‌కీ (అపర్చర్ మెట్టుకీ) ఒక నొక్కు. 1.8 దగ్గర ఫోకస్ చేసి, కన్ను తీయకుండా నొక్కులు లెక్కపెట్టుకుంటూ 5.6కి వస్తాను. ఒక్కో నొక్కుకీ వెనకనున్న గోడ, దాని మీది బీటలు, కిటికీ చువ్వలు ఎలా తేలుతున్నాయో వ్యూఫైండర్‌లో అక్కడికక్కడే కనిపిస్తుంది. డీ7000లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందూ వెనకా ఎంతమేర స్పష్టంగా వస్తుందో) చూపే బటన్ నొక్కితే చీకటి తప్ప నాకేమీ తెలిసేది కాదు. దీనికి తోడు సోనీ బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది. పుట్టినప్పటి నుంచీ వణుకు ఆపడం తెలియని 85కి అదొక వరం. సాయంత్రం వరండాలో అమ్మ పువ్వులు కడుతుంటే ఫ్లాష్ లేకుండా తీశాను, ఆమె వేళ్ల మధ్య నారపోగు కూడా స్పష్టంగా వచ్చింది.

రింగ్ లేని జీ రకం లెన్సులతో ఈ సుఖం లేదు. డీ7000తో వచ్చిన 18-105 అలాంటిదే. వాటి కోసం గొట్టం మీదే ఒక రింగ్ ఉంటుంది, దాని మీద అంకెలుండవు, ఒక చివర ‘తెరువు’, ఇంకో చివర ‘మూయి’ అన్నట్టు రెండు బొమ్మలు. మధ్యలో ఎక్కడుందో దేవుడికే తెలియాలి. పైగా కరెంటు పోదు కాబట్టి ఆ లెన్సులోని వీఆర్ (వణుకు ఆపే ఏర్పాటు) కూడా పనిచెయ్యదు. 18-105 అమ్మేశాను. అయితే ఆ రింగ్ పీడ డీ లెన్సులకీ ఉంది. అది మూసిన కొసన ఉంటేనే లెన్సు రింగ్ మాట చెల్లుతుంది. బ్యాగులో రాసుకుని అది తెరిచిన వైపు జరిగితే, లెన్సు మీద 8 అని ఉన్నా లోపల 1.8లోనే ఉండిపోతుంది. కెమెరా షట్టర్ వేగం సర్దేసుకుంటుంది కాబట్టి వెలుతురులో తేడా రాదు. మా చెల్లెలి ఇంట్లో తీసిన గ్రూపు ఫొటోలో వెనక వరస పెద్దలంతా మసకగా వచ్చింది అందుకే. ఇప్పుడు దాని మీద ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంచాను.

మా బావమరిదిది కెనాన్. నన్ను చూసి తనూ ఇలాంటి గొట్టమే కొంటానన్నాడు, వద్దన్నాను. కెనాన్ ఈఎఫ్ లెన్సులు 1987లో వచ్చినప్పటి నుంచీ అపర్చర్ పూర్తిగా కరెంటు మీదే నడుస్తుంది. ఉత్త గొట్టం పెడితే లెన్సు బార్లా తెరుచుకునే ఉంటుంది. అతను చిప్పున్న అడాప్టర్ కొనుక్కున్నాడు, నా దానికి చాలా రెట్ల ధర. కానీ ఆటోఫోకస్ వచ్చింది, అపర్చర్ బాడీ నుంచే నడుస్తోంది. అతని కూతురు పరిగెడుతుంటే అతనికి ఫొటో వస్తుంది, నాకు రాదు.

ఇక గొట్టం పెట్టిన పేచీ. కార్తీక మాసం, ఇంకా తెల్లవారలేదు. పుష్కర ఘాట్‌లో దీపాలు వదులుతున్నారు, వెనక ఆర్చ్ బ్రిడ్జి. ఫోకస్ పడిన అంచులకు రంగేసి చూపే ఫోకస్ పీకింగ్ చీకట్లో అక్కరకు రాలేదు. ఫిల్ము రోజుల నుంచీ ఉన్న పద్ధతే, 24 లెన్సు ఫోకస్ రింగ్‌ని ఇన్ఫినిటీ (అన్నిటికంటే దూరం) వైపు ఆగేదాకా తిప్పేసి, ఎఫ్ 4లో తీసుకుంటూ పోయాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే బ్రిడ్జి మెత్తగా ఉంది. సరే, ఫోకస్ ముందుకొచ్చి ఉంటుంది, దీపాలైనా బాగుంటాయనుకుంటే అవీ లేవు, నీళ్లలో నిలబడ్డవాళ్లూ లేరు. ఫోకస్ తప్పినా మామూలుగా ఎక్కడో ఒకచోట స్పష్టంగా ఉండాలి కదా. ఇక్కడ ముందూ లేదు, వెనకా లేదు. లెన్సులో ఫంగస్ పట్టిందేమోనని టార్చి వేసి చూశాను. శుభ్రంగా ఉంది. అదే లెన్సు డీ7000కి తగిలించి మేడ మీదకెళ్లి అదే బ్రిడ్జి తీస్తే, తీగెలతో సహా వచ్చింది.

మా ఊళ్లో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఇప్పుడు ఎక్కువగా మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు చేస్తారు. గొట్టాన్ని అటూఇటూ తిప్పి వెర్నియర్ పెట్టారు. 28.5 ఉండాల్సిన చోట 28.3 వచ్చింది. తిప్పి నాలుగు వైపులా కొలిచారు, అంతే.

“ఇది పొట్టిదండీ మాస్టారూ.”

“పాయింట్ రెండు మిల్లీమీటర్లకే ఇంత తేడానా బాబాయ్?”

“లెన్సు వెనక పాయింట్ రెండంటే, ముందు మీటర్ల లెక్కండీ.”

ఇంటికొచ్చి లెక్క కట్టాను, మన సబ్జెక్టే కదా. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు పేరులోని 24, 50, 85) దాంతోనే గుణించి, తగ్గిన 0.2తో భాగిస్తే, అసలు ఇన్ఫినిటీ లెన్సు మీది దూరాల స్కేలు మీద ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. 85కి సుమారు 36 మీటర్ల దగ్గర. 50కి పన్నెండున్నర. 24కి మూడు మీటర్లు కూడా లేదు! వైడ్ లెన్సులో డెప్త్ ఎక్కువ, ఫోకస్ అటూఇటూ అయినా ఫర్వాలేదు అనేది మనకు అలవాటైన మాట. గొట్టం పొట్టిదైతే స్కేలుని నమ్ముకునేవాడికి ఎక్కువ మోసం వైడ్‌తోనే. రింగ్ ఆగేదాకా తిప్పితే లెన్సు ఇన్ఫినిటీని కూడా దాటి ఎక్కడికో చూస్తుంది, లోకంలో ఏ వస్తువూ అక్కడ ఉండదు. నా దీపాలకూ బ్రిడ్జికీ పట్టిన గతి అదే. ఇంకోటి, ఈ 24లో దగ్గరి వస్తువులకు మూలలు చెడిపోకుండా లోపలి గాజులు కొన్ని విడిగా జరుగుతాయి. దూరం లెక్క తప్పితే ఆ సర్దుబాటూ తప్పుతుంది.

ఇలాంటి గొట్టాలు చేసేవాళ్లు కావాలనే వెంట్రుకవాసి తక్కువ పెడతారట. పొరపాటున ఎక్కువైతే లెన్సుకి ఇన్ఫినిటీ అసలు అందదు, కొన్నవాడు తిప్పి పంపేస్తాడు. తక్కువైతే చాలామందికి తెలియదు, రింగ్ ఆగేలోపే ఎక్కడో ఫోకస్ దొరుకుతుంది కాబట్టి. కానీ 0.2 అంటే వెంట్రుకవాసి కాదు.

మర్నాడు పెద్దాయన ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా ఒకటి కత్తిరించారు. దాని రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. గొట్టం ముందు ప్లేటు నాలుగు స్క్రూలు తీసి, దాని కొలతకు రెండు రింగులు కోసి, స్క్రూలకు బెజ్జాలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పరిచి బిగించారు. ఇప్పుడు రింగ్ ఆగే చోటుకి కాస్త ముందే ఇన్ఫినిటీ దొరుకుతోంది. ఇంకో పొర వేద్దామా అంటే, “వద్దండీ, ఎండకి లోహం సాగితే మొదటికే మోసం” అన్నారు. తర్వాత అదే కంపెనీ గొట్టం ఇంకోటి కొన్నాను, అది ఏ రేకూ లేకుండానే సరిగ్గా ఉంది. అందుకే ఏది కొనమంటారని అడిగితే పేరు చెప్పను. వచ్చాక రాత్రి చందమామ మీదో, దూరంగా ఉన్న సెల్ టవర్ మీదో పెట్టి, వ్యూఫైండర్‌లో పెద్దది చేసి, ఇన్ఫినిటీ ఎక్కడ పడుతోందో చూసుకోండి. మరీ ఎడంగా ఉంటే గడువు లోపలే తిప్పి పంపండి.

రింగ్‌ని అంత పొగిడాను గానీ, దానికీ హద్దులున్నాయి. గుడి మండపం లాంటి చీకటి చోట ఎఫ్ 8కి తిప్పాక వ్యూఫైండర్ నిండా ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది, ఫోకస్ తెలియదు. అందుకే ముందు తెరిచి ఫోకస్ చేసి తర్వాత మూయడం. ఈలోగా ఎదుటి మనిషి నవ్వు ఆరిపోతుంది. 85ని 1.8లో పెడితే పీకింగ్ కనుబొమనీ కనురెప్పనీ ఒకేలా రంగేసి చూపిస్తుంది, పెద్దది చేసి చూసుకోక తప్పదు. ఏ ఫొటో ఏ అపర్చర్‌లో తీశామో ఎగ్జిఫ్‌లో (ఫొటోతో పాటు కెమెరా రాసుకునే వివరాల్లో) ఉండదు. లెన్సు మార్చిన ప్రతిసారీ స్టెబిలైజేషన్‌కి 24 అనో 85 అనో మనమే చెప్పాలి. ఆ మెనూని ఒక బటన్‌కి పెట్టుకున్నాను, అయినా విసుగే.

డీ7000 మాత్రం అమ్మలేదు. చుట్టాల పెళ్లిళ్లకు అదే పట్టుకెళ్తాను. జీలకర్ర బెల్లం వేళకి 85 గరగరమంటూ దానంతటదే ఫోకస్ పట్టుకుంటుంది, నాకు టెన్షన్ ఉండదు. కాబట్టి పూర్తిగా మారాననీ చెప్పలేను. పెళ్లిళ్లే జీవనాధారమైనవాళ్లకు, ఇంట్లో పాకే పిల్లలున్నవాళ్లకు ఈ దారి చెప్పను. స్క్రూ లెన్సుల్నీ నడిపే మోటారున్న అడాప్టర్లు సోనీకి వేరే కంపెనీలు చేస్తున్నాయి, కానీ వాటికి పెట్టే డబ్బుతో నాకు ఇంకో పాత లెన్సు వస్తుంది. గుళ్లు, గోదావరి, కూర్చోబెట్టి తీసే మొహాలు, ఇవి చాలనుకునే నాలాంటివాళ్లయితే ముందు మీ లెన్సులు తిప్పి చూసుకోండి. రింగ్ ఉంటే గొట్టం కొనండి. లేకపోతే వాటిని అమ్మేసి, వెళ్లే బ్రాండులోనే ఒక్క 50 కొనుక్కోవడం నయం.