పెదాలకి ఏది మేలు: నెయ్యా, కొబ్బరి నూనా, వాజలీనా, లిప్ బామా?

చలి మొదలైతే చాలు ఇదే ప్రశ్న. పెదాలు పగిలి తోలు లేస్తోంది, పైగా నల్లబడుతున్నాయి, అమ్మేమో నెయ్యి రాయమంటుంది ఫ్రెండేమో లిప్ బామ్ కొనమంటుంది, ఏం చెయ్యాలి అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఇక్కడే రాసేస్తున్నా.

పెదాల తోలు బాగా సన్నం, అక్కడ నూనె గ్రంథులు దాదాపు ఉండవు, ఇది అందరికీ తెలిసిందే. అందుకని పైన రాసేది ఏదైనా సరే లోపలి తడిని బయటికి పోనివ్వకూడదు, మంట పుట్టించకూడదు. వీటికి నేను ఇంకోటి కలుపుతా, నా దృష్టిలో తేల్చేది అదే: రాసింది నాలుకని అటు లాగకూడదు.

ఎందుకంటే పగుళ్లకి చలిగాలి, ఏసీ, ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీల్చడం ఇవన్నీ కారణాలే గానీ వాటిని మాననివ్వనిది మాత్రం నాలుకతో తడుపుకోవడమే. ఎంగిలి తడి నిమిషంలో ఆరిపోతుంది, ఆరుతూ పెదవిని ఇంకా ఎండగడుతుంది, పైగా అందులో తిండిని అరిగించే ఎంజైములు ఉంటాయి, అవి పగిలిన తోలు మీద పడితే మంటే. మండితే మళ్ళీ నాలుక పెడతాం. బడికెళ్ళే పిల్లల్ని చలికాలంలో గమనించండి, కొందరికి నోటి చుట్టూ ఎర్రగానో నల్లగానో గుండ్రంగా మరక ఉంటుంది, దాని అంచు సరిగ్గా నాలుక కొస అందేంత వరకే ఉంటుంది.

ఇప్పుడు నెయ్యి సంగతి. తడిని కొంత ఆపుతుంది, మంట ఉండదు, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, వెన్న కంటే నయం కూడా, వెన్నపూసలో ఎంతో కొంత మజ్జిగ నీళ్ళు ఉంటాయి కదా. కానీ రుచి! కమ్మటి నెయ్యి పెదాల మీద పెట్టి దాన్ని నాకకూడదని పిల్లాడికి చెప్తే వింటాడా, పెద్దవాళ్ళం మనమే ఆగం, ఐదు నిమిషాల్లో నెయ్యి పోయి ఎంగిలి మిగులుతుంది. నిద్రపోయిన పిల్లలకి రాస్తే మాత్రం బాగానే పనిచేస్తుంది.

కొబ్బరి నూనె కూడా మంచిదే, కాకపోతే పల్చన, జారిపోతుంది, మాటిమాటికీ రాసుకోవాలి.

వాజలీన్, అంటే రంగూ వాసనా లేని మామూలు పెట్రోలియం జెల్లీ, 1872లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న పాతకాలం సరుకు, నా ఓటు దీనికే. చర్మం నుంచి ఆవిరైపోయే తడిని 98 శాతం దాకా ఆపుతుందని చర్మవ్యాధుల డాక్టర్లు చెప్పే లెక్క, మామూలు నూనెలు 20, 30 శాతం దగ్గరే ఆగిపోతాయి. రుచి లేదు కాబట్టి నాలుకకి అక్కడ పనిలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇది తడిని ఇవ్వదు ఉన్నదాన్ని ఆపుతుందంతే, అందుకే మొహం కడుక్కోగానే పెదాలు ఇంకా తేమగా ఉన్నప్పుడే రాయాలి. వాజలీన్ రాస్తే నల్లబడతాయని కొందరంటారు, అది నలుపు చెయ్యదు, కాకపోతే ఎండని ఆపదు.

ఎండ దగ్గరే లిప్ బామ్ గెలుస్తుంది. చలికాలమైనా మన మధ్యాహ్నం ఎండ తక్కువేం కాదు, కింది పెదవికి అది నేరుగా తగులుతుంది, బైక్ మీద తిరిగేవాళ్ళకి మరీను. పగలు బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉన్న బామ్ కొనండి. కానీ స్ట్రాబెర్రీ, పుదీనా, దాల్చిన చెక్క రకాలు వద్దు, చల్లగా జివ్వుమనే మెంథాల్, కర్పూరం ఉన్నవి అసలే వద్దు. ఆ జివ్వుమనడం మందు పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది, నిజానికి పగిలిన తోలుని రేపుతోంది, తియ్యటి వాసన ఉన్నవైతే పెదాలు నాకేలా చేస్తాయి కూడా.

గ్లిజరిన్ ఒక్కటే రాస్తే పొడి గాలిలో లోపలి తడినే పైకి లాగుతుంది, దాని మీద వాజలీన్ వెయ్యాల్సిందే. తేనె తీపి, కాబట్టి నాలుక సంగతి మళ్ళీ మొదటికే. బీట్‌రూట్ రంగు మాత్రమే. నిమ్మరసం, పంచదార పెట్టి రుద్దడం మాత్రం దయచేసి మానండి, నిమ్మజాతి రసం మీద ఎండ పడితే తోలు కమిలి ఇంకా నల్ల మచ్చ పడొచ్చు.

నలుపు గురించి అడిగేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది సిగరెట్, చుట్ట, రోజూ వాడే లిప్‌స్టిక్, టూత్‌పేస్ట్. పేస్ట్‌లోని ఘాటు ఫ్లేవర్, నురగ కోసం వేసే ఎస్ఎల్ఎస్ పడక పెదాలు మండి, ఆ తర్వాత నల్లబడేవాళ్ళు ఉన్నారు, ఒక నెల ఘాటు లేని పేస్ట్‌కి మారి చూడండి. పుట్టుకతో వచ్చిన రంగైతే అసలు దాన్ని మార్చాల్సిన పనేలేదు.

నోటి మూలలు చీలితే అది వేరే కథ, ఐరన్, బి విటమిన్లు తగ్గడమో ఫంగసో అయ్యుంటుంది, దానికి వాజలీన్ చాలదు. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి పెదాలు ఎండటం దాదాపు ఖాయం, ఆ మందు ఇచ్చిన డాక్టర్‌తోనే మాట్లాడండి. కింది పెదవి మీద గరుకు మచ్చో మానని పుండో రెండు మూడు వారాలు దాటి ఉందంటే, ముఖ్యంగా పొగ తాగేవాళ్ళు, ఎండలో పనిచేసేవాళ్ళు, ఏం రాయాలా అని వెతుక్కోకుండా వెంటనే చూపించుకోండి.